పాత ట్రాక్టరు కొన్న రైతులకు: గేరుబాక్సు విప్పకముందు చూడవలసిన విషయములు

జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో ట్రాక్టరుకు ఏడాది పొడవునా పని కలదు. తొలకరికి ముందు చెల్క నేలలలో దుక్కి, జూరాల కాలువల క్రింద వరి మళ్ళలో దమ్ము, ఆలంపూరు ప్రాంతపు నల్లరేగడిలో లోతు దుక్కి, యాసంగిలో వేరుశనగ సాగు, మిగిలిన దినములలో ట్రాలీ తోలకము, ఇవన్నియు చాలచోట్ల ఒకే యంత్రము చేయవలసియుండును. క్రొత్త ట్రాక్టరుకు పెట్టుబడి పెట్టలేని రైతులు 20, 30 ఏండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము పనిచేసిన పాత ట్రాక్టరులను కొనుచున్నారు. ఇది తప్పు కాదు. పాత ట్రాక్టరుల నిర్మాణము సరళమైనది. శ్రద్ధ తీసుకొన్నచో అవి చిరకాలము పనిచేయును.

అయితే కొనునప్పుడు చాలామంది ఇంజను శబ్దము, పొగ, టైర్లు మాత్రమే చూతురు. పెబ్బేరు సంతలో ఎద్దును కొను రైతు దాని పళ్ళు చూచును, నడిపించి చూచును, బరువు లాగించి చూచును. ట్రాక్టరుకును ఈ మూడు పరీక్షలు అవసరము. ఇంజను ఎంత బాగున్నను, దాని శక్తిని చక్రములకు చేర్చు క్లచ్చు, గేరుబాక్సు, వెనుక హౌసింగు చెడియున్నచో దుక్కి సాగదు.

ఇంటికి తెచ్చిన కొలది దినములలో గేరు గరగరలాడుట, గేరు జారిపోవుట, బరువు లాగలేకపోవుట కనిపించినచో రైతు కంగారుపడి గేరుబాక్సు విప్పించును. ఇది తొందరపాటు. ఈ లక్షణములలో అనేకము బయటినుండియే సరిచేయదగిన చిన్న లోపముల వలన కలుగును. కావున బయటినుండి లోపలికి, తక్కువ ఖర్చునుండి ఎక్కువ ఖర్చునకు వరుసగా పరీక్షించవలెను. ఆ వరుసయే ఈ వ్యాసములో వివరింపబడినది.

మన ప్రాంతమునకు వచ్చు పాత ట్రాక్టరులు

మన దేశములో ట్రాక్టరుల తయారీ 1959-60 ప్రాంతమున ఐషరు కంపెనీ ఫరీదాబాదులో చేసిన ట్రాక్టరుతో మొదలైనది. మద్రాసులో 1960లో స్థాపింపబడిన టాఫే కంపెనీ మాస్సీ ఫెర్గూసను ట్రాక్టరులను తయారుచేసినది. మహీంద్రా వారు ఇంటర్నేషనలు హార్వెస్టరు కంపెనీతో కలసి 1963లో ప్రారంభించిన సంస్థ బి-275 ట్రాక్టరును తెచ్చినది. హెచ్.ఎం.టి. వారు 1971లో పింజోరులో జెటరు నమూనాపై ట్రాక్టరులను ప్రారంభించిరి. స్వరాజు ట్రాక్టరులు 1974లో వచ్చినవి.

ఇవి చెప్పుటకు కారణము కలదు. ఒక్కొక్క రకము గేరుబాక్సు ఒక్కొక్క తీరుగా ఉండును. మాస్సీ 35 నమూనాకు ముందుకు 6, వెనుకకు 2 గేర్లు. బి-275కు ముందుకు 8, వెనుకకు 2. మాస్సీ 35లో గేరుబాక్సు, వెనుక హౌసింగు, హైడ్రాలిక్కు, మూడింటికిని ఒకే ఆయిలు. అది 30 లీటర్లకు పైగా పట్టును. కొన్ని ఇతర రకములలో వీనికి వేరువేరు ఆయిళ్ళు. కావున మొట్టమొదట తమ ట్రాక్టరు నమూనా, తయారైన సంవత్సరము, ఛాసిస్ నంబరు వ్రాసియుంచుకొని, ఆ నమూనా పుస్తకమును సంపాదించవలెను.

మరియొక సంగతి. పాత ట్రాక్టరులలో చాలవాటికి నడుచుచుండగా గేరు మార్చు ఏర్పాటు లేదు. బండిని పూర్తిగా నిలిపి, క్లచ్చు త్రొక్కి, ఒకటి రెండు క్షణములు ఆగి గేరు వేయవలెను. క్రొత్త ట్రాక్టరు నడుపుటకు అలవాటుపడిన డ్రైవరు పాతదానిని నడుచుచుండగా మార్చబోయి పళ్ళు గరగరలాడించును. ఆ దోషము గేరుబాక్సుది కాదు. ఈ అలవాటు మానకున్నచో మంచి పళ్ళును అరిగిపోవును.

శక్తి చక్రమునకు చేరు దారి

ఇంజను వెనుకనున్న ఫ్లైవీలునకు క్లచ్చు ప్లేటు అదుముకొని తిరుగును. ప్లేటునుండి గేరుబాక్సునకు, గేరుబాక్సునుండి పినియను ద్వారా పెద్ద క్రౌను చక్రమునకు, అచ్చటనుండి డిఫరెన్షియలు ద్వారా రెండు ఇరుసులకు శక్తి చేరును. మలుపులో ఒక చక్రము వేగముగాను, రెండవది మెల్లగాను తిరుగుటకు డిఫరెన్షియలు తోడ్పడును. ఈ దారిలో ఏ మెట్టువద్ద లోపమున్నదో కనుగొనుటయే మరమ్మతులో సగము పని.

మొదటి పరీక్ష: ఆయిలు

క్రొత్తగా తెచ్చిన పాత ట్రాక్టరును దుక్కికి కట్టకముందే ఆయిలు చూడవలెను. సమతలముగానున్న చోట నిలిపి, కొలత పుల్లతో గాని, ప్రక్కనున్న మట్టపు బిరడా విప్పిగాని మట్టము చూడవలెను. తరువాత అరగంట నడిపి, ఆయిలు వేడిగానున్నప్పుడే క్రింది బిరడా తీసి శుభ్రమైన తొట్టిలోనికి దింపవలెను. దింపిన ఆయిలును గుడ్డలో వడకట్టి, పాత స్పీకరులోని అయస్కాంతమును అందులో త్రిప్పి చూడవలెను. ఆయిలు లోపలి సంగతి ఇట్లు తెలుపును.

1. అయస్కాంతమునకు మెత్తని నల్లని బురదవంటి పొడి కొద్దిగా అంటినచో అది మామూలు అరుగుదల.
2. రేకులవలె మెరయు పెచ్చులు వచ్చినచో బేరింగు చెడుచున్నదని అర్థము.
3. పంటి ముక్క గాని, బేరింగు గుండు గాని వచ్చినచో ఇంక ఒక్క అడుగు కూడ నడుపరాదు. ఆ ముక్క మరియొక జత పళ్ళమధ్య పడినచో పెట్టెయే పగులవచ్చును.
4. పసుపు రంగు లోహపు పొడి వచ్చినచో ఇత్తడి బుష్షులు అరుగుచున్నవి.
5. ఆయిలు పాలవలె, మజ్జిగవలె తెల్లగానున్నచో నీరు చేరినది.

నీరు కొద్దిగా చేరిన అనుమానమున్నచో ఆరుబయట ఇనుప పెనమును వేడిచేసి, మంటనుండి తీసి, దానిపై ఒకటి రెండు చుక్కల ఆయిలు వేయవలెను. చిటపటలాడినచో నీరున్నట్లే. ఈ పరీక్షను ముఖము దూరముగా నుంచి చేయవలెను.

దమ్ములో నీరు చేరు విధము

మన ప్రాంతపు పాత ట్రాక్టరులలో తెల్లబడిన ఆయిలునకు ముఖ్య కారణము దమ్ము. ఇనుప చక్రములు కట్టి గంటలకొలది లోతు బురదలో నడుపునప్పుడు ఇరుసు చివరల ఆయిలు సీళ్ళు మునిగియుండును. బురదలోని ఇసుక సీళ్ళ పెదవులను కోయును. ఇంకొక కారణమును చాలమంది గమనించరు. గేరుబాక్సు పైన గాలి ఆడుటకు ఒక చిన్న ఊపిరి రంధ్రము ఉండును. అది మట్టితో పూడుకొనిపోయినప్పుడు, వేడెక్కిన పెట్టె చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకొని బయటి నీటిని సీళ్ళ ప్రక్కనుండి లోనికి పీల్చును. ఊపిరి రంధ్రమును శుభ్రముచేయుటకు ఖర్చు లేదు. చేయకున్నచో బేరింగులన్నియు తుప్పుపట్టును. గేరు రాడ్డు మొదటనున్న రబ్బరు తొడుగు చినిగినను వాననీరు లోనికి దిగును.

యాసంగి దమ్ము ముగిసిన తరువాత నీరు కలసిన ఆయిలుతోనే ట్రాక్టరును నెలలతరబడి నిలిపియుంచుట మిక్కిలి హానికరము. దమ్ము పని ముగిసిన వారములోగా ఆయిలు పరీక్షించవలెను.

నీరు చేరిన ఆయిలును రాత్రంతయు కారనిచ్చి, అదే రకపు ఆయిలును తగుమాత్రము పోసి, బరువు లేకుండ 15, 20 నిమిషములు నడిపి మరల దింపవలెను. అటుపిమ్మట క్రొత్త ఆయిలు పోయవలెను. కిరోసిను పోసి ట్రాక్టరును నడుపుట మంచిది కాదు. అది పళ్ళమీద ఆయిలు పొరను కడిగివేయును. మూలలలో మిగిలి క్రొత్త ఆయిలును పలుచన చేయును. గేరుబాక్సు, హైడ్రాలిక్కు ఒకే ఆయిలుతో పనిచేయు ట్రాక్టరులో చిక్కని గేరు ఆయిలు పోసినచో లిఫ్టు సరిగా పనిచేయదు. పుస్తకములో చెప్పిన రకమునే వాడవలెను.

వెనుక చక్రముల లోపలివైపు ఆయిలు తడి కనిపించినచో ఉపేక్షింపరాదు. కొన్ని నమూనాలలో ఆ ఆయిలు బ్రేకు డ్రమ్ములోనికి పోవును. ఒక చక్రపు బ్రేకు పట్టి, రెండవది పట్టనిచో బరువు ట్రాలీతోనున్న ట్రాక్టరు ప్రక్కకు లాగి బోల్తాపడవచ్చును.

రెండవ పరీక్ష: క్లచ్చు

గేరుబాక్సు లోపమని తలచు అనేక లక్షణములు క్లచ్చు లోపములే. క్లచ్చు రెండు విధముల చెడును: జారుట, విడువకుండుట.

క్లచ్చు జారునప్పుడు ఇంజను మోత పెరుగును గాని ట్రాక్టరు వేగము పెరగదు. కాలిన వాసన వచ్చును. దీనిని తెలిసికొనుటకు సమతలమైన ఖాళీ చోట, ముందు వెనుకల ఎవ్వరును లేకుండ చూచి, రెండు బ్రేకు పెడళ్ళను కలిపి గట్టిగా త్రొక్కి, పెద్ద గేరు వేసి, ఇంజనును మధ్యరకము వేగముతోనుంచి క్లచ్చును మెల్లగా వదలవలెను. ఇంజను ఆగిపోయినచో క్లచ్చు పట్టుచున్నది. ఆగక తిరుగుచున్నచో జారుచున్నది. ఈ పరీక్ష ఒకమారే చేయవలెను. పదేపదే చేసిన ప్లేటు కాలును.

క్లచ్చు విడువనప్పుడు పెడలు పూర్తిగా త్రొక్కినను, నిలిచియున్న ట్రాక్టరులో గేరు గరగరలాడును. రివర్సు గేరు పడుట మరింత కష్టమగును.

ఈ రెండింటికిని మొదట చూడవలసినది పెడలు ఫ్రీ ప్లే. పెడలును చేతితో నొక్కినప్పుడు బరువు తగులకముందు అది దిగు దూరమే ఫ్రీ ప్లే. ఇది ఎంత ఉండవలెనో నమూనా పుస్తకములో ఉండును. అది బొత్తిగా లేనిచో క్లచ్చు ఎల్లప్పుడు సగము త్రొక్కినట్లుండి జారును. మరీ ఎక్కువైనచో క్లచ్చు పూర్తిగా విడువదు. దీనిని రాడ్డు మీది నట్టును పానాతో త్రిప్పి సరిచేయవచ్చును. పెడలు పిన్నులు, రాడ్డు రంధ్రములు అరిగినచో ఎంత సరిచేసినను నిలువదు, పిన్నులు మార్చవలెను. ఇంతటితో లోపము పోయినచో ట్రాక్టరు విప్పు ఖర్చు తప్పినట్లే.

సరిచేసినను జారుచున్నచో ప్లేటు అరిగియుండవచ్చును, లేదా దానికి ఆయిలు అంటియుండవచ్చును. క్లచ్చు పెట్టె అడుగున చిన్న రంధ్రము కలదు. అచ్చట ఆయిలు కారుచున్నచో ఇంజను వెనుక సీలు గాని, గేరుబాక్సు ముందు సీలు గాని పోయినది. ఇట్టి స్థితిలో సీలు మార్చకుండ క్రొత్త ప్లేటు మాత్రము వేయించుట దండుగ.

వానకాలమంతయు కదలక నిలిచిన ట్రాక్టరులో ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుకుకొనవచ్చును. అట్టిదానిని గేరులోనుంచి స్టార్టు చేసినచో క్లచ్చు త్రొక్కియున్నను ఒక్కసారిగా దూకును. గోడలు, మనుష్యులు, పశువులు ఉన్నచోట ఈ ప్రయత్నము చేయరాదు. అనుభవజ్ఞుడైన మిస్త్రీని పిలువవలెను.

పాత చిన్న ట్రాక్టరుకు రోటవేటరు కట్టువారు మరియొక జాగ్రత్త తీసుకొనవలెను. పాత గేరుబాక్సులలో మిక్కిలి మెల్లగా నడుచు గేరు లేనిచో, వేగము తగ్గించుటకు డ్రైవరు సగము క్లచ్చు త్రొక్కి నడుపును. ప్లేటులు కాలిపోవుటకు ఇది సూటి దారి. పరికరమును ట్రాక్టరు శక్తికి తగినట్లు ఎంచుకొనవలెను గాని, క్లచ్చుతో వేగము సరిపెట్టరాదు.

మూడవ పరీక్ష: గేరు జారిపోవుట

బరువు మీద గాని, పల్లములో గాని గేరు దానంతట అది జారి న్యూట్రలులోనికి వచ్చినచో అది ప్రాణాపాయము. అచ్చంపేట, కొల్లాపురం వైపు ఎత్తుపల్లముల దారులలో నిండు ట్రాలీతో గేరు జారినచో బండి అదుపు తప్పును. గేరు రాడ్డును త్రాడుతోనో, ట్యూబు ముక్కతోనో కట్టి నడుపరాదు. ఆపదలో గేరు తీయుటకును వీలుండదు.

కారణములను ఈ వరుసలో చూడవలెను. మొదటిది, గేరు రాడ్డు క్రింది కొన అరుగుట. రెండవది, గేరును దాని స్థానములో నిలిపియుంచు చిన్న గుండు, స్ప్రింగు బలహీనపడుట. ఇవి చాల నమూనాలలో పై మూత విప్పగానే చేతికందును; ట్రాక్టరును రెండుగా విడదీయనక్కరలేదు. మూడవది, గేరును త్రోయు ఫోర్కు వంగుట, లేక దాని మర వదులగుట. నాల్గవది, పళ్ళ కొనలు గుండ్రముగా అరుగుట, లేక బేరింగు అరిగి షాఫ్టు ముందు వెనుకలకు కదలుట. ఈ నాల్గవది మాత్రమే పెద్ద మరమ్మతు.

నాల్గవ పరీక్ష: శబ్దము, ఊగులాట

ఇంజను నడుచుచుండగా న్యూట్రలులో వచ్చు శబ్దము క్లచ్చు త్రొక్కగానే ఆగినచో గేరుబాక్సు ముందరి బేరింగులను అనుమానించవలెను. త్రొక్కినప్పుడే శబ్దము మొదలైనచో రిలీజు బేరింగును చూడవలెను. ఒక్క గేరులో మాత్రమే మోత వచ్చినచో ఆ గేరు పళ్ళు చెడినవి. అన్ని గేర్లలోను బరువు మీద రొదవచ్చుట క్రౌను, పినియను లోపము. మలుపులో మాత్రమే టకటకమన్నచో డిఫరెన్షియలు లోని చిన్న పళ్ళచక్రములు అరిగినవి.

ఊగులాటను కొలుచుటకు ఇంజను ఆపి, ఒక వెనుక చక్రమును మాత్రము జాకీతో లేపి, గేరులో ఉంచి, లేపిన చక్రమును చేతితో ముందు వెనుకలకు ఊపి చూడవలెను. ఒక్కొక్క గేరులో ఈ విధముగా చూడవలెను. ఒక గేరులో మాత్రమే ఊగులాట ఎక్కువైనచో ఆ గేరు అరిగినది. అన్నింటిలోను ఎక్కువైనచో క్రౌను, పినియను గాని, వెనుకనున్న భాగములు గాని అరిగినవి.

ఈ పరీక్షలో ఒక గొప్ప అపాయము కలదు. ఒక వెనుక చక్రము గాలిలోనున్నప్పుడు, గేరులో ఉంచినను ట్రాక్టరు నిలువదు. డిఫరెన్షియలు వలన నేలమీది చక్రము స్వేచ్ఛగా తిరుగును. కావున నేలమీదనున్న చక్రములన్నింటికిని ముందు వెనుకల మొద్దులు వేయవలెను. ఇరుసు క్రింద గట్టి దిమ్మె పెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరరాదు.

విప్పవలసి వచ్చినప్పుడు

పై పరీక్షల పిమ్మట పెద్ద మరమ్మతు తప్పదని తేలినచో, చెట్టు క్రింద ఇద్దరు కలసి రాళ్ళమీద ఎత్తి విడదీయుట కూడదు. ఇంజను భాగము ముందరి ఇరుసు మధ్య మేకుపై ఊగునట్లుండును. విడదీయగానే అది ఒక ప్రక్కకు ఒరిగి మనిషిపై పడవచ్చును. ముందరి ఇరుసుకు ఇరుప్రక్కల చెక్క మేకులు బిగించి, రెండు భాగములకును వేరువేరు ఆధారములు పెట్టు సదుపాయమున్న చోటనే ఈ పని చేయించవలెను. బ్యాటరీ తీగ ముందుగా తీయవలెను. బేరింగుల ప్రక్కనుండు పలుచని రేకులను లెక్కించి, ఏ ప్రక్కవి ఆ ప్రక్క కట్టియుంచవలెను. క్రౌను, పినియను రెండింటిని జతగానే మార్చవలెను. పాతదానికి క్రొత్తదానిని కలిపినచో రెండును చెడును. విరిగిన పంటిని వెల్డింగుతో నింపించుట ఒక ఋతువు కూడ నిలువకపోవచ్చును.

భాగములు దొరకునో లేదో విప్పకముందే విచారించవలెను. హెచ్.ఎం.టి. ట్రాక్టరు విభాగమును మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయించినది. ఇట్టి ట్రాక్టరులు కొనువారు క్రౌను, గేర్ల భాగములు తమకు దగ్గరలోని పట్టణములో దొరకునో లేదో కొనుటకు ముందే తెలిసికొనవలెను. పాత భాగమును వెంట తీసికొనిపోయి, పళ్ళ లెక్క, షాఫ్టు గాడుల లెక్క సరిచూచి కొనవలెను.

మిస్త్రీతో పని ఒప్పుకొనునప్పుడు ఏ లక్షణమునకు ఏ భాగము విప్పునో, ఏవి మార్చునో కాగితముపై వ్రాయించుకొనవలెను. తీసిన పాత భాగములన్నింటిని తిరిగి తీసికొనవలెను. మరమ్మతు ఖర్చు, ట్రాక్టరు కొన్న వెల, రెండును కలిపి లెక్కించి, ఆ మొత్తమునకు ఇంకొక మంచి ట్రాక్టరు దొరకునేమో ఆలోచించిన తరువాతనే పని మొదలుపెట్టించవలెను. ఈ పనులను వానకాలపు దుక్కికి ముందు, ఎండకాలములోనే ముగించుకొనుట క్షేమము. విత్తు అదను పోయినచో కలుగు నష్టము గేరుబాక్సు ఖర్చుకంటె పెద్దది కావచ్చును.

ట్రాక్టరు నడుపుట, నిర్వహణ నేర్వదలచిన యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. సమీపములో పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రములను సంప్రదించవచ్చును.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి

1. ఆయిలు దింపి చూడకుండ పాత ట్రాక్టరును దుక్కికి కట్టరాదు.
2. ఊపిరి రంధ్రమును దమ్ముకు ముందును, తరువాతను శుభ్రము చేయవలెను.
3. గేరు గరగరలాడినచో మొదట క్లచ్చు పెడలు ఫ్రీ ప్లే చూడవలెను.
4. నడుచునప్పుడు క్లచ్చు పెడలు మీద కాలు ఆనించియుంచరాదు.
5. పల్లములో న్యూట్రలు చేసి గాని, క్లచ్చు త్రొక్కి గాని బండిని వదలరాదు.
6. గేరు జారు ట్రాక్టరుతో ట్రాలీ తోలరాదు.
7. ఆయిలులో పంటి ముక్క కనిపించినచో అక్కడికక్కడే నిలుపవలెను.
8. పై మూత విప్పి చూచి, అందులో లోపము కనబడనప్పుడే ట్రాక్టరును విడదీయించవలెను.